వంద కమాండ్ల లిస్టు పక్కన పెట్టి షెల్ నేర్చుకోవడం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బీకామ్ కంప్యూటర్స్ చదివి అప్లికేషన్ సపోర్ట్ ఉద్యోగంలో చేరారు. ఇప్పటిదాకా విండోస్ తప్ప వేరేది వాడలేదు. టీమ్‌లో అందరూ లినక్స్ సర్వర్ల మీద నల్ల స్క్రీన్‌లోనే పని చేస్తున్నారు. వంద కమాండ్లు నేర్పే వీడియోలు చూశారు, నోట్సు రాసుకున్నారు. అయినా సర్వర్ ముందు కూర్చోగానే ఒక్కటీ గుర్తురావడం లేదు, పైగా ఏదైనా డిలీట్ అయిపోతుందేమోనని టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతకాలం పడుతుంది?

నేను చాలా ఏళ్ళుగా సర్వర్ల మీదే పని చేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ళకు ఇవి నేర్పుతూ ఉంటాను కూడా. ముందుగా ఒక మాట: గుర్తురాకపోవడం మీ తప్పు కాదు. ఆ లిస్టులు కమాండ్లను చూపిస్తాయి కానీ షెల్‌ను, అంటే మీరు టైప్ చేసే లైనును అందుకునే ప్రోగ్రామ్‌ను చూపించవు. మీరు ఒక లైను టైప్ చేసి ఎంటర్ కొడితే అది నేరుగా కమాండ్‌కు వెళ్ళదు. షెల్ ఆ లైనును ముందు తను చదువుతుంది, ముక్కలు చేస్తుంది, కొన్ని గుర్తులను వేరే మాటలుగా మార్చేస్తుంది. అలా తయారైన ముక్కలను మాత్రమే కమాండ్‌కు అందిస్తుంది. కొత్తవాళ్ళను ఏడిపించే తప్పుల్లో ఎక్కువభాగం ఈ మధ్య దశలోనే జరుగుతాయి. ఇది అర్థమైతే రోజువారీ పనికి ఇరవై కమాండ్లు చాలు. మిగతావి అవసరం పడినప్పుడు వెతుక్కోవచ్చు, నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

కింద కమాండ్లను పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ చిన్నబడి అక్షరాల్లో చేయండి. ఎల్ఎస్ అంటే ఎల్, ఎస్ రెండే అక్షరాలు. పీడబ్ల్యూడీ అంటే మూడు. క్యాట్, సార్ట్, కట్ లాంటివి మామూలు ఇంగ్లీష్ మాటల స్పెల్లింగే. తేడా ఉన్నచోట చెబుతాను. ఫైళ్ళ పేర్లు మాత్రం తెలుగులో ఉన్నవి ఉన్నట్టే టైప్ చేయొచ్చు, లినక్స్ తెలుగు పేర్లను చక్కగా ఒప్పుకుంటుంది. ఆఫీసు సర్వర్ల మీద మాత్రం ఖాళీలు లేని ఇంగ్లీష్ పేర్లే పెట్టండి, మీతో పనిచేసే అందరి కీబోర్డులోనూ తెలుగు ఉండదు కదా.

ఎక్కడ ప్రాక్టీస్ చేయాలి? ఆఫీసు సర్వర్ మీద వద్దు. మీ విండోస్ ల్యాప్‌టాప్‌లోనే పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, డబ్ల్యూఎస్ఎల్ అని రాసి, ఖాళీ ఇచ్చి, రెండు హైఫన్లతో ఇన్‌స్టాల్ అని కొట్టండి. రీస్టార్ట్ అయ్యాక ఉబుంటు అనే లినక్స్ వస్తుంది. విండోస్‌లోనే లినక్స్ నడిపే ఈ ఏర్పాటును మైక్రోసాఫ్ట్ 2016 నుంచి ఇస్తోంది, వేరే మెషిన్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ లేని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్ వేసుకుంటే ఇక్కడ చెప్పేవాటిలో దాదాపు అన్నీ చేయగలరు. మ్యాక్ ఉన్నవాళ్ళకు టెర్మినల్ ముందే ఉంటుంది. కాకపోతే 2019 నుంచి అందులో డిఫాల్ట్ షెల్ జెడ్‌షెల్, లినక్స్ సర్వర్లలో ఎక్కువగా కనిపించేది బ్యాష్. మొదటి నెలల్లో ఆ తేడా మిమ్మల్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు.

టెర్మినల్ అంటే అక్షరాలు చూపించే విండో. అందులో నడుస్తూ మీ మాట వినే ప్రోగ్రామ్ షెల్. లినక్స్‌కు ముందుతరం సిస్టమ్ అయిన యూనిక్స్‌కు మొదటి షెల్‌ను 1971లో కెన్ థాంప్సన్ రాశాడు, ఇప్పుడు మీరు వాడబోయే బ్యాష్‌ను 1989లో బ్రయాన్ ఫాక్స్ విడుదల చేశాడు. ఇంత పాతది కాబట్టే మీరు ఈ ఏడాది నేర్చుకున్నది పదేళ్ళ తర్వాత కూడా అలాగే పని చేస్తుంది. ఇంకే టూల్ గురించీ నేను ఇంత ధీమాగా చెప్పలేను.

ఇక అసలు విషయం. షెల్ ఎప్పుడూ ఏదో ఒక ఫోల్డర్‌లో నిలబడి ఉంటుంది. మౌస్‌తో పనిచేసేటప్పుడు ఫోల్డర్ కంటికి కనిపిస్తుంది, ఇక్కడ కనిపించదు, అడగాలి. పీడబ్ల్యూడీ అని కొడితే ఎక్కడున్నారో చెబుతుంది. ఎల్ఎస్ అంటే అక్కడ ఏమున్నాయో చూపిస్తుంది. సీడీ అంటే వేరే చోటికి వెళ్తుంది. రెండు చుక్కలు ఇస్తే పై ఫోల్డర్, ~ గుర్తు ఇస్తే మీ సొంత హోమ్ ఫోల్డర్, సీడీ తర్వాత ఒక్క హైఫన్ ఇస్తే ఇంతకుముందున్న చోటు. / తో మొదలైన దారి ఎక్కడ నిలబడి చెప్పినా ఒకే చోటికి పోతుంది. / లేకుండా మొదలైన దారి మాత్రం మీరు నిలబడిన చోటు నుంచి లెక్క. "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని వస్తే ఫైలు పోయిందని కంగారుపడకండి, చాలాసార్లు మీరు ఉండాల్సిన చోట లేరు, అంతే. లేదా పేరులో పెద్దబడి, చిన్నబడి అక్షరం తేడా పడింది. విండోస్ ఆ తేడా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది.

ట్యాబ్ కీని మొదటిరోజు నుంచే అలవాటు చేసుకోండి. పేరు మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది షెల్ పూర్తి చేస్తుంది. అందరూ దీన్ని స్పీడు కోసం అనుకుంటారు. నా దృష్టిలో దాని అసలు విలువ వేరు: ట్యాబ్ పూర్తి చేసిందంటే ఆ ఫైలు నిజంగా అక్కడ ఉందని అర్థం. పూర్తి చేయలేదంటే ఎంటర్ కొట్టకముందే మీకు తెలిసిపోయింది, ఒకటి కంటే ఎక్కువ పేర్లు అలా మొదలవుతున్నాయి లేదా మీరు అనుకున్న పేరు అక్కడ లేదు. ట్యాబ్ మళ్ళీ నొక్కితే ఆ రెండింటిలో ఏదో తేలిపోతుంది.

ఇప్పుడు షెల్ లైనును ఎలా చదువుతుందో చూద్దాం. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఒక ఖాళీ ఫోల్డర్ చేసుకుని, అందులోకి వెళ్ళి, ఈ లైను కొట్టండి:

టచ్ పాత జాబితా

టచ్ అనేది ఖాళీ ఫైలు తయారుచేస్తుంది. ఇప్పుడు ఎల్ఎస్ కొడితే "పాత జాబితా" అనే ఒక ఫైలు కాదు, "పాత" అని ఒకటి, "జాబితా" అని ఒకటి, రెండు ఫైళ్ళు కనిపిస్తాయి. ఎందుకంటే షెల్ లైనును ఖాళీల దగ్గర ముక్కలు చేసింది. మొదటి ముక్క కమాండ్ పేరు, మిగతావి దానికి అందించే మాటలు. టచ్‌కు రెండు పేర్లు అందాయి, అది రెండు ఫైళ్ళు చేసింది. ఆ ఖాళీ మీరు ఒకటి ఇచ్చారా, నాలుగు ఇచ్చారా అన్నది కూడా దానికి తెలియదు. ఒకే పేరుగా అందాలంటే కోట్స్ పెట్టాలి:

టచ్ 'పాత జాబితా'

కోట్స్ అనేవి షెల్‌కు చెప్పే మాట: దీన్ని ముక్కలు చేయకు అని. ఆ కోట్స్ టచ్ దాకా వెళ్ళవు, షెల్ వాటిని తీసేసి పేరును మాత్రమే ఇస్తుంది.

తర్వాత * గుర్తు. చాలామంది దీన్ని కమాండ్ అర్థం చేసుకుంటుందని అనుకుంటారు. కాదు, షెల్ అర్థం చేసుకుంటుంది. అదే ఫోల్డర్‌లో ఇలా కొట్టండి:

ఎకో *

ఎకో అంటే ఇచ్చిన మాటలను తిరిగి చూపించే కమాండ్, దానికి ఫైళ్ళ గురించి ఏమీ తెలియదు. అయినా ఫైళ్ళ పేర్లన్నీ వరసగా వస్తాయి. * ను చూసి షెల్ దాని స్థానంలో ఆ ఫోల్డర్‌లోని పేర్లు పెట్టింది, ఎకో వాటిని చదివి వినిపించింది. చుక్కతో మొదలయ్యే దాపు ఫైళ్ళు మాత్రం ఇందులో రావు. వాటిని చూడాలంటే ఎల్ఎస్‌కు -ఏ ఇవ్వాలి. అదే *ను కోట్స్‌లో పెట్టి ఎకో '*' అంటే గుర్తు గుర్తులాగే వస్తుంది.

ఈ తేడా దేనికి పనికొస్తుందో ఒక ఉదాహరణ. ఫైండ్ అనే కమాండ్ ఫోల్డర్ల లోపలి ఫోల్డర్లలో కూడా వెతుకుతుంది. "జాబితా" అనే మాటతో మొదలయ్యే ఫైళ్ళన్నీ కావాలంటే ఇలా రాయాలి:

ఫైండ్ . -నేమ్ 'జాబితా*'

కోట్స్ లేకుండా రాసినా ఒక్కోసారి సరిగ్గానే పని చేస్తుంది, ఒక్కోసారి తప్పు ఫలితం ఇస్తుంది, ఒక్కోసారి ఎర్రర్ వస్తుంది. మీరు నిలబడిన చోట ఆ పేరుతో ఫైలు లేకపోతే బ్యాష్ గుర్తును అలాగే వదిలేస్తుంది, ఫైండ్‌కు అందుతుంది, అంతా బాగుంటుంది. ఒక ఫైలు ఉంటే షెల్ గుర్తు తీసేసి ఆ ఒక్క పేరే పెడుతుంది, ఫైండ్ ఆ ఒక్కదాన్నే వెతుకుతుంది. రెండు ఉంటే రెండు పేర్లు వెళ్ళి ఫైండ్ తికమకపడి ఎర్రర్ ఇస్తుంది. "నిన్న పనిచేసింది, ఇవాళ పనిచేయట్లేదు" అని కొత్తవాళ్ళు నా దగ్గరకు తెచ్చే సమస్యల్లో ఇది చాలా తరచుగా వచ్చేది. కమాండ్ మారలేదు, ఫోల్డర్‌లో ఫైళ్ళు మారాయి.

సింగిల్ కోట్, డబుల్ కోట్ తేడా ఒక్క వాక్యంలో: సింగిల్ కోట్స్ లోపల షెల్ దేన్నీ ముట్టుకోదు, డబుల్ కోట్స్ లోపల ముక్కలు చేయదు, * ను విప్పదు కానీ డాలర్ గుర్తుతో మొదలయ్యే వేరియబుల్స్‌ను మాత్రం వాటి విలువలుగా మారుస్తుంది. ఎకో "$హోమ్" అని, హోమ్‌ను పెద్దబడి అక్షరాల్లో రాసి చూడండి, తర్వాత సింగిల్ కోట్స్‌తో చూడండి. వాట్సాప్‌లోనో, వర్డ్ ఫైల్‌లోనో కమాండ్లు దాచుకుని అక్కడినుంచి కాపీ చేయకండి. వర్డ్ లాంటివి మామూలు కోట్స్‌ను వంపు తిరిగిన కోట్స్‌గా మార్చేస్తాయి, షెల్‌కు అవి కోట్స్ కావు. నోట్‌ప్యాడ్‌లో దాచుకోండి.

డిలీట్ భయం గురించి. ఆ భయం ఉండాల్సిందే. ఆర్ఎమ్ కమాండ్‌కు రీసైకిల్ బిన్ లేదు, తీసేసిందంటే తీసేసినట్టే. కానీ ప్రమాదం ఎక్కడ ఉందో తెలిస్తే భయం జాగ్రత్తగా మారుతుంది. ఆర్ఎమ్ జాబితా* అని రాయబోయి, వేలు జారి జాబితా తర్వాత ఖాళీ పడి ఆర్ఎమ్ జాబితా * అయిందనుకోండి. పైన చెప్పిన ముక్కల లెక్క వేయండి: "జాబితా" ఒక ముక్క, * ఇంకో ముక్క, అంటే ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ళన్నీ. ఒక్క ఖాళీ తేడా. అందుకే నేను నేర్పే ప్రతివాళ్ళకూ ఈ అలవాటు చేయిస్తాను: * ఉన్న ఏ ఆర్ఎమ్ అయినా ముందు ఆర్ఎమ్ బదులు ఎకో పెట్టి కొట్టండి. ఏమేం పోతాయో అక్కడ పేర్లతో సహా కనిపిస్తుంది. అది సరిగ్గా ఉంటే పై బాణం కీ నొక్కి, ఎకోను ఆర్ఎమ్‌గా మార్చి ఎంటర్ కొట్టండి. -ఐ ఇస్తే ఒక్కో ఫైలుకూ అడిగి తీసేస్తుంది, మొదట్లో అదీ మంచిదే. -ఆర్‌ఎఫ్ అనే జంటను మాత్రం ఎవరో రాసిచ్చారని వాడకండి. -ఆర్ లోపలి ఫోల్డర్లతో సహా తీసేస్తుంది, -ఎఫ్ అడగకుండా తీసేస్తుంది. రెండూ ఎందుకు కావాలో మీరే చెప్పగలిగినప్పుడు వాడండి.

ఆర్ఎమ్‌ను చూసి అందరూ భయపడతారు, కానీ ఫైళ్ళు పోయే దారులు ఇంకా రెండున్నాయి, వాటి గురించి ఎవరూ హెచ్చరించరు. ఒకటి ఫైలును జరిపే లేదా పేరు మార్చే ఎమ్‌వీ, కాపీ చేసే సీపీ. కొత్త పేరుతో అక్కడ ముందే ఫైలు ఉంటే మామూలుగా అవి అడగవు, పాతదాని మీద రాసేస్తాయి. వీటికీ -ఐ ఉంది. రెండోది > గుర్తు. ఇది కమాండ్ చూపించేదాన్ని స్క్రీన్ మీద కాకుండా ఫైలులోకి పంపిస్తుంది. ఆ పేరుతో ఫైలు ఉంటే పాత విషయం మొత్తం పోతుంది. చివర చేర్చాలంటే >> వాడాలి. ఇక్కడ కూడా షెల్ ముందు, కమాండ్ తర్వాత అనే నియమమే. ఉదాహరణకు:

సార్ట్ జాబితా > జాబితా

దీన్ని కొడితే జాబితా వరసలో పెట్టబడదు, ఖాళీ అవుతుంది. షెల్ > ను చూడగానే ముందు ఆ ఫైలును ఖాళీ చేసి సిద్ధంగా పెట్టింది, ఆ తర్వాత సార్ట్ వచ్చి చదవబోతే అందులో ఏమీ లేదు. వేరే పేరుకు పంపి తర్వాత పేరు మార్చుకోవాలి, లేదంటే సార్ట్‌కే ఉన్న -ఓ వాడాలి. ప్రాక్టీస్ ఫోల్డర్‌లో ఒక నకలు ఫైలు మీద ఇది ఒకసారి చేసి చూడండి, ఇంక మర్చిపోరు.

ఇక షెల్ నేర్చుకోవడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, | గుర్తు, పైప్. 1973లో డగ్ మెకిల్రాయ్ పట్టుదల వల్ల కెన్ థాంప్సన్ దీన్ని యూనిక్స్‌లో చేర్చాడు. ఒక కమాండ్ ఇచ్చేదాన్ని ఇంకో కమాండ్ చేతికి అందిస్తుంది. పొలంలో ఒక మడి నిండి పక్క మడిలోకి నీళ్ళు పారినట్టు, సమాచారం ఒకదాన్నుంచి ఒకదానిలోకి పారుతుంది. ఒక్కో కమాండ్ చిన్నది, ఒక్క పనే తెలుసు, కానీ కలిపితే ఎక్సెల్‌లో అరగంట పట్టేది అర నిమిషంలో అవుతుంది.

మీ దగ్గర "మార్కులు" అనే ఫైలు ఉందనుకుందాం. మొదటి లైను పేరు,మండలం,మార్కులు అనే హెడ్డింగ్. కింద ఒక్కో లైనులో ఒక్కో విద్యార్థి: రమ,తెనాలి,78 అని, కిరణ్,పొన్నూరు,64 అని, సలీమా,తెనాలి,81 అని, ఇలా వందల లైన్లు. ఏ మండలం నుంచి ఎంతమంది ఉన్నారో కావాలి. మొత్తం ఒకేసారి రాయకండి. ఒక్కో ముక్క చేర్చుతూ, ప్రతిసారీ ఎంటర్ కొట్టి ఏం వస్తుందో చూస్తూ పోండి.

ముందు హెడ్డింగ్ తీసేయాలి. టెయిల్ -ఎన్ +2 మార్కులు అంటే రెండో లైను నుంచి చూపిస్తుంది. దానికి | పెట్టి కట్ -డి ',' -ఎఫ్ 2 చేరిస్తే, కామా దగ్గర విడగొట్టి రెండో భాగం, అంటే మండలాల పేర్లు మాత్రమే మిగులుతాయి. దానికి సార్ట్ చేరిస్తే ఒకే పేర్లు పక్కపక్కకు వస్తాయి. ఇప్పుడు యునిక్, దీని స్పెల్లింగ్ యు, ఎన్, ఐ, క్యూ, అక్కడితో ఆపేయాలి. -సి ఇస్తే ఒక్కో పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడుతుంది. చివర సార్ట్ -ఎన్ఆర్, అంకెల ప్రకారం పెద్దది పైన. మొత్తం లైను ఇది:

టెయిల్ -ఎన్ +2 మార్కులు | కట్ -డి ',' -ఎఫ్ 2 | సార్ట్ | యునిక్ -సి | సార్ట్ -ఎన్ఆర్

మధ్యలో సార్ట్ ఎందుకని అడగాలి మీరు. యునిక్ ముందు లైనుతో మాత్రమే పోల్చి చూస్తుంది, దూరంగా ఉన్న రెండు తెనాలిలు దానికి ఒకటి కావు. సార్ట్ తీసేసి ఒకసారి నడిపి చూడండి, తెనాలి పదిచోట్ల కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: ఏదైనా గడిలోనే కామా ఉండి, దాన్ని కోట్స్‌లో పెట్టిన ఫైలైతే కట్‌కు ఆ సంగతి తెలియదు, భాగాలు తప్పిపోతాయి. అడ్రసులున్న ఫైళ్ళలో ఇది తప్పకుండా ఎదురవుతుంది. అలాంటి ఫైళ్ళకు పైథాన్ లాంటిది మంచిది.

ఇదే ఐదు ముక్కల లైను రేపు మీ ఉద్యోగంలో లాగ్ ఫైలులో ఏ ఎర్రర్ ఎక్కువసార్లు వచ్చిందో, ఏ ఐపీ అడ్రస్ నుంచి ఎక్కువ రిక్వెస్టులు వచ్చాయో చెబుతుంది. కట్‌లో ఎన్నో భాగం అన్నది మారుతుంది, మధ్యలో గ్రెప్ చేరుతుంది. గ్రెప్ అంటే మీరిచ్చిన మాట ఉన్న లైన్లే ఉంచేది, స్పెల్లింగ్ జి, ఆర్, ఈ, పి. -ఐ ఇస్తే పెద్దబడి, చిన్నబడి తేడా చూడదు, -వి ఇస్తే ఆ మాట లేని లైన్లు ఇస్తుంది. -ఐ ఒక్కో కమాండ్‌లో ఒక్కో అర్థం ఇస్తుందని గమనించారా? ఆర్ఎమ్‌లో అడగమని, గ్రెప్‌లో తేడా చూడొద్దని. ఇలా హైఫన్‌తో ఇచ్చే ఆప్షన్ల అర్థం ఆ కమాండ్‌దే, షెల్‌ది కాదు. అందుకే ఆప్షన్ల బట్టీ దండగ.

తెలుగుతో పనిచేసేవాళ్ళకు ఒక్క సంగతి. ఇది కొట్టండి:

ప్రింట్ఎఫ్ 'తెలుగు' | డబ్ల్యూసీ -సి

18 వస్తుంది. డబ్ల్యూసీ లెక్కపెట్టే కమాండ్, -సి ఇస్తే బైట్లు లెక్కపెడుతుంది. -సి బదులు -ఎమ్ ఇస్తే 6 వస్తుంది. కంటికి కనిపించేవి మూడే అక్షరాలు. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము ఇలా ఆరు కోడ్లు, వాటిని ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కు మూడు బైట్లు. కాబట్టి తెలుగు పేర్లున్న ఫీల్డుకు "20 బైట్లు" అని ఎవరైనా పరిమితి పెడితే ఏడు కోడ్లు కూడా పట్టవని మీరు వెంటనే చెప్పగలరు. ఇంకోటి, చాలా టెర్మినళ్ళు ఒక్కో అక్షరాన్ని ఒక్కో గడిలో పెడతాయి కాబట్టి ఒత్తులు, గుణింతాలు విరిగినట్టు కనిపిస్తాయి. ఫైలు పాడవలేదు, చూపించడమే సరిగ్గా లేదు. గ్రెప్ తెలుగు మాటను సరిగ్గానే వెతుకుతుంది.

ఎర్రర్ మెసేజీలు చదవండి. ఎర్రర్ చూడగానే విండో మూసేసేవాళ్ళు చాలామంది. షెల్ మెసేజీలు పొట్టిగా ఉంటాయి, అబద్ధం చెప్పవు. "కమాండ్ నాట్ ఫౌండ్" అంటే స్పెల్లింగ్ తప్పు, లేదా ఆ ప్రోగ్రామ్ లేదు, లేదా ఉన్నా షెల్ కమాండ్లను వెతికే ఫోల్డర్ల లిస్టులో, అంటే పాత్ అనే వేరియబుల్‌లోని ఫోల్డర్లలో లేదు. "పర్మిషన్ డినైడ్" అంటే మీ యూజర్‌కు ఆ హక్కు లేదు. దానికి వెంటనే సుడో తగిలించకండి. ముందు ఎల్ఎస్ -ఎల్ కొట్టి ఆ ఫైలు ఎవరిదో, ఎవరికి ఏ హక్కు ఉందో చూడండి. సుడో అంటే సర్వర్ యజమాని అధికారంతో నడపడం, తప్పు లైనును కూడా అది అడ్డులేకుండా నడిపేస్తుంది. ఇంకా ఒక మంచి అలవాటు: ఎకో $? కొట్టడం. అంతకుముందు కమాండ్ ఎలా ముగిసిందో అంకెలో చెబుతుంది. 0 అంటే బాగా జరిగింది, ఇంకేదైనా అంటే కాదు. 127 అంటే కమాండ్ దొరకలేదు, 126 అంటే దొరికింది కానీ నడపడానికి కుదరలేదు, 130 అంటే మీరే కంట్రోల్ సి కొట్టి ఆపారు. గ్రెప్ 1 ఇస్తే అది తప్పు కాదు, ఆ మాట దొరకలేదని అర్థం.

విండోస్‌లో రాసిన స్క్రిప్టును, అంటే కమాండ్లు రాసి పెట్టిన ఫైలును, సర్వర్ మీదకు తెచ్చి నడిపితే "బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్" అని, పక్కన ^ గుర్తుతో ఎమ్ అని రావచ్చు. విండోస్ లైను చివర రెండు కనిపించని అక్షరాలు పెడుతుంది, లినక్స్ ఒక్కటే పెడుతుంది, ఆ మిగిలిన ఒక్కటే ఈ గొడవ. డాస్2యూనిక్స్ అనే చిన్న టూల్ దాన్ని శుభ్రం చేస్తుంది. మీరున్న ఉద్యోగంలో ఇది తప్పక ఎదురవుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

స్క్రీన్ కదలకుండా ఇరుక్కుపోతే ఏం చేయాలన్నది ఎవరూ మొదట చెప్పరు, నిజానికి అదే మొదట చెప్పాలి. నడుస్తున్నదాన్ని ఆపడానికి కంట్రోల్ సి. మాన్యువల్ పేజీలోనో, ఫైలును పేజీలుగా చూపించే లెస్‌లోనో ఉంటే క్యూ కొడితే బయటికి వస్తారు. ప్రాంప్ట్, అంటే మీ లైను కోసం షెల్ చూపించే గుర్తు, బదులు ఒట్టి > కనిపిస్తుంటే ఎక్కడో కోట్ తెరిచి మూయలేదు, కంట్రోల్ సి కొట్టి మళ్ళీ రాయండి. ఏ కీ నొక్కినా ఏమీ కనిపించకపోతే, సేవ్ చేద్దామని అలవాటుగా కంట్రోల్ ఎస్ కొట్టి ఉంటారు. టెర్మినల్‌లో అది స్క్రీన్‌ను ఆపేస్తుంది, కంట్రోల్ క్యూ కొడితే కదులుతుంది. విఐ ఎడిటర్‌లో పడిపోతే ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం కొట్టి ఎంటర్, ఏమీ సేవ్ కాకుండా బయటపడతారు. పాస్‌వర్డ్ టైప్ చేస్తుంటే చుక్కలు కూడా కనిపించవు, అది మామూలే, టైప్ చేసి ఎంటర్ కొట్టండి.

సహాయం కోసం మ్యాన్ కమాండ్ ఉంది. మ్యాన్ సార్ట్ అంటే సార్ట్ గురించిన పేజీ తెరుచుకుంటుంది. దాన్ని మొదటినుంచి చివరిదాకా చదవకండి. / కొట్టి మీకు కావాల్సిన మాట వెతకండి, ఎన్ కొడితే తర్వాతి చోటికి వెళ్తుంది. సీడీ లాంటివి షెల్ లోపలే ఉంటాయి, వాటికి బ్యాష్‌లో హెల్ప్ సీడీ అనాలి. ఏది ఎక్కడిదో టైప్ అనే కమాండ్ చెబుతుంది. ఇప్పుడు చాట్ టూల్స్ కూడా కమాండ్లు రాసిస్తాయి, వాడుకోండి, తప్పులేదు. కానీ వచ్చిన లైనును మీరే ముక్కలు చేసి, ఒక్కో ఆప్షన్‌ను మ్యాన్‌లో చూసి, పైపుల దగ్గర విడగొట్టి మొదటి ముక్క నుంచి నడపండి. ఏదైనా వెబ్‌సైట్ నుంచి, నెట్‌లోది దించే కర్ల్ కమాండ్‌తో తెచ్చి నేరుగా సుడో బ్యాష్‌లోకి పైప్ చేయమని చెప్పే లైను కనిపిస్తే, ముందు ఫైలుగా దించుకుని చదవండి.

ఎంతకాలం అన్నారు. రోజుకు అరగంట చొప్పున కూర్చుంటే మూడు నాలుగు వారాల్లో భయం పోతుంది, రెండు నెలలకు పైపులు మీ అంతట మీరే కట్టగలుగుతారు, నేను నేర్పినవాళ్ళలో చాలామందికి అంతే పట్టింది. ఆ అరగంటను విడిగా ప్రాక్టీస్‌కు కాకుండా మీ నిజమైన పనికి వాడండి: డౌన్‌లోడ్స్ ఫోల్డర్ సర్దడం, ఫోటోలను నెలవారీగా విడగొట్టడం, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో లెక్కలు తీయడం. డబ్ల్యూఎస్ఎల్‌లో మీ సీ డ్రైవ్ /ఎమ్ఎన్‌టి/సి దగ్గర ఉంటుంది, ముందు నకలు తీసుకుని దాని మీద చేయండి. విసుగొస్తే ఓవర్‌దవైర్ అనే సైట్‌లో బ్యాండిట్ ఆట ఆడండి. ఉచితం. ఒక్కో లెవెల్‌లో దాచిన పాస్‌వర్డ్ కనిపెడితే తర్వాతి లెవెల్‌లోకి వెళ్తారు. మొదటి లెవెళ్ళలోనే హైఫన్ పేరుగా ఉన్న ఫైలు, ఖాళీలున్న పేరు, దాపు ఫైలు ఎదురవుతాయి, పైన చెప్పిన ముక్కల లెక్క అక్కడ బాగా ఒంటబడుతుంది.

ఒకే వరస మూడోసారి టైప్ చేస్తున్నట్టు అనిపిస్తే దాన్ని ఒక ఫైలులో పెట్టి స్క్రిప్ట్ చేయండి, షెల్‌చెక్ అనే టూల్‌కు చూపించండి. మర్చిపోయిన కోట్స్‌ను అది లైను నంబరుతో సహా పట్టిస్తుంది. పాత లైను మళ్ళీ కావాలంటే కంట్రోల్ ఆర్ కొట్టి అందులోని ఏదో ఒక మాట రాయండి, వెనక నుంచి వెతికి తెస్తుంది. స్క్రిప్టుల గురించి ఇంతకంటే ఇప్పుడు తొందర వద్దు.

సోమవారం ఆఫీసులో సర్వర్‌లోకి లాగిన్ అయ్యాక ముందు మూడు కొట్టండి: హూయామ్ఐ, హోస్ట్‌నేమ్, పీడబ్ల్యూడీ. ఏ యూజర్, ఏ మెషిన్, ఏ ఫోల్డర్. టెస్ట్ సర్వర్ అనుకుని ప్రొడక్షన్ సర్వర్ మీద పని చేయకుండా కాపాడేది ఈ మూడే. ప్రాంప్ట్ చివర $ బదులు # కనిపిస్తే మీరు అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్‌గా ఉన్నారు, అవసరం లేకపోతే వెంటనే బయటికి వచ్చేయండి. మొదటి నెల చదివే కమాండ్లే వాడండి: ఎల్ఎస్, లెస్, గ్రెప్, లాగ్ ఫైలులో కొత్తగా చేరే లైన్లు చూడడానికి టెయిల్ -ఎఫ్, డిస్క్ నిండిందేమో చూడడానికి డీఎఫ్ -హెచ్. పెద్ద లాగ్ ఫైలును, మొత్తం ఒకేసారి చూపించే క్యాట్‌తోనో, ఎడిటర్‌తోనో తెరవకండి, లెస్‌తో తెరిస్తే అది మొత్తం మెమరీలోకి ఎక్కకుండా మీరు చూస్తున్న భాగమే చూపిస్తుంది, పెద్దబడి జి కొడితే చివరికి వెళ్తుంది. ఎక్కడైనా ఆగిపోయి సీనియర్‌ను అడగాల్సి వస్తే "పని చేయట్లేదు అన్నా" అని మాత్రమే అనకండి. మీరు కొట్టిన లైను, వచ్చిన మెసేజ్, పీడబ్ల్యూడీ చూపించింది, మూడూ స్క్రీన్‌షాట్ కాకుండా టెక్స్ట్‌గా కాపీ చేసి పంపండి. వాళ్ళు అదే లైనును తమ దగ్గర కొట్టి చూడగలుగుతారు, జవాబు కూడా త్వరగా వస్తుంది.